పథ్యానికి ఒక గడి

1963 ఆగస్టులో నన్ను వరంగల్‌లోని ఒక క్షయ క్లినిక్కులో గణాంక సహాయకుడిగా వేశారు. పేరు వినడానికి బరువుగా ఉంటుంది గానీ ఆ హోదాలో మోయాల్సిందేమీ లేదు. ఒక బల్ల, గీతలు కొట్టిన కాగితాలు, కాలు విరిగిన స్టూలు, అంతే. రోగిని ఆసుపత్రిలో ఉంచకుండా ఇంటి దగ్గరే మందు మింగిస్తే క్షయ నయమవుతుందా, ఏ మోతాదు మేలు అన్నది తేల్చే పరిశీలన అక్కడ నడుస్తోంది. ఇప్పుడు క్లినికల్ ట్రయల్ అంటున్నది అదే. మేము స్కీము అనేవాళ్లం. మా అమ్మ మాత్రం, మావాడు దగ్గుల లెక్క రాస్తాడు అని చెప్పుకునేది. మూడింటిలో ఆమె నిర్వచనమే సరైనది.

పని పద్ధతి కొంచెం చెప్పాలి. కొత్త రోగి రాగానే వరస నంబరున్న సీలు కవరు ఒకటి విప్పేవాళ్లం. ఆ రోగికి ఏ మోతాదు ఇవ్వాలో లోపలి చీటీలో ఉంటుంది. డాక్టరుకు ఇష్టమైన రోగికి ఇష్టమైన మందు పడకూడదని ఆ ఏర్పాటు. కొత్తవాడలో జంపఖానాలు నేసే సాంబయ్య తన కవరు విప్పుతుంటే జాగ్రత్తగా చూసి, చిలుకేదని అడిగాడు. చిలుక సెలవులో ఉందనీ, ఆ పని తాత్కాలికంగా నన్ను చూడమన్నారనీ చెప్పాను. నమ్మాడు.

అందరికన్నా పైన మెడికల్ ఆఫీసరు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మంచి వైద్యుడు, ఫారాలంటే భక్తి. ఆయన కింద హెల్త్ విజిటర్లు. వీళ్లు రోగుల ఇళ్లకు వారానికి రెండుసార్లు వెళ్లి "మందు తప్పినారా?" అని అడిగి, జవాబు మొదటి గడిలో వేయాలి. సోమవారం ఇంట్లో మిగిలిన గోలీలు లెక్కపెట్టి రెండో గడిలో వేయాలి. ఒక గడి రోగి మాట, రెండోది గోలీల మాట. రెండూ కలిస్తే మా స్కీము నిలుస్తుంది.

వరంగల్ పట్నం విజిటరు సరోజినక్క. నలభై దాటిన మనిషి. గొడుగు, గుడ్డసంచి, ఎంత మాట్లాడినా పెరగని గొంతు. కొత్తవాడలో ఏ మగ్గం ఎందుకు ఆగిందో మగ్గం యజమాని కన్నా ముందు ఆమెకు తెలిసేది. డోర్నకల్‌లో యాకూబ్ భాయి, ఎక్కువగా రైల్వే వాళ్ల ఇళ్లు. మా మందుల్లో ఒకదాని పేరు పాస్. రైలు పాసు ఇస్తారనుకొని వచ్చి గోలీలు పట్టుకొని పోయినవాళ్లు తన దగ్గర ఉన్నారని ఆయన చెప్పేవాడు. తొర్రూరు వైపు పల్లెలకు కొమురయ్య, ఒక సైకిలు.

నేను వెళ్లేనాటికే సరోజినక్క ఒక అలవాటు పెట్టింది. నెలనెలా రెండో శనివారం అందరూ కాగితాలు అప్పజెప్పి మందులు తీసుకుపోవడానికి క్లినిక్కుకు వచ్చేవారు. యాకూబ్ భాయి ప్యాసింజరు బండికి ఇంకా రెండు గంటలు ఉండేది. ఆ రెండు గంటలూ వరంగల్ స్టేషను ప్లాట్‌ఫారం మీద, నీళ్ల కుళాయి పక్క బెంచీ దగ్గర కూచునేవాళ్లం. గోలీలు చెమ్మకు మెత్తబడకుండా ఏం చేయాలి, అత్త ముందు దగ్గు ఒప్పుకోని కోడలితో ఎలా మాట్లాడాలి, గల్ల, అంటే కఫం, పరీక్షకు సీసా పట్టుకొని వీధిలో నడిచేటప్పుడు నలుగురూ చూడకుండా ఎలా పోవాలి వంటివి అక్కడ చర్చకు వచ్చేవి. నాకు కాలేజీలో మూడేళ్లు నేర్పనివి. డాక్టరు గారు దీనికి గప్పాల కమిటీ అని పేరు పెట్టారు. ఈ మధ్య మా మనవరాలు మెడలో బిళ్ల వేసుకొని ఏదో సదస్సుకు పోతూ, దీన్ని నెట్‌వర్కింగ్ అంటారు తాతా అని చెప్పింది. మేము చాయ్ అనేవాళ్లం.

ఆ ఏడు దసరా అయిన వారంలో హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. ముందు చెప్పకుండా రావడమే వాళ్ల పద్ధతి. కొత్తవాడలో ఆరిళ్లు తిరిగి, ఆరింటా గోలీలు మిగిలి ఉన్నాయని చూశారు. తర్వాత రిజిస్టరు తెప్పించారు. సరోజినక్క చేతిరాతలో మొదటి గడి నిండా "తప్పలేదు". పక్క గడిలో అదే చేతిరాతలో, వారం వారం, గోలీల లెక్కతో సహా, "మిగిలినవి ఉన్నవి, కారణం తెలియదు". యాకూబ్ భాయి, కొమురయ్యల రిజిస్టర్లలో రెండు గడులూ అద్దంలా కలిశాయి.

మర్నాడు ఆమెకు మెమో వచ్చింది. రెండు గడుల్లో ఒకటి అబద్ధం. ఇళ్లకు పోకుండానే మొదటి గడి నింపారని ఎందుకు అనుకోకూడదో పదిరోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, లేకుంటే ఉద్యోగం నుంచి తొలగిస్తారు. ఆమెది తాత్కాలికపు పోస్టు, తీసేయడానికి ఒక సంతకం చాలు. పైగా ఆమె రోగుల కాగితాలన్నీ స్కీము నుంచి తప్పిస్తారు. దాని పట్టిక తయారు చేయాల్సింది నేను. ఆమెను ఉరితీయడానికి తాడు పేనమన్నారని ఇంటికొచ్చి అన్నాను. తాడు కాదు, గీతలే గదా అని మా నాన్న తిరిగి అన్నాడు. మా ఇంట్లో నాటకానికి ఆదరణ తక్కువ.

ఆ మెమో చదివి ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. మడిచి సంచిలో వేసుకొని సాయంత్రం కొత్తవాడ పోయింది. ఇళ్లకు పోలేదన్న నింద పడ్డ రోజు కూడా ఆమె ఇళ్లకే పోయిందని నేను గమనించాను. రిజిస్టరులో దానికి గడి లేదు.

రెండో శనివారం వచ్చింది. గడువుకు నాలుగు రోజులుంది. బెంచీ మీద కొమురయ్య వేడి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పాడు. సరోజినక్క చేయి అడ్డం పెట్టింది.

"నాకొద్దు తమ్మీ. మోకాళ్లకు నాటు మందు తాగుతున్న. పథ్యం ఉన్నది."

క్షయ స్కీములో హెల్త్ విజిటరు నాటు మందు తాగుతోందంటే అది ఇంకో మెమోకు సరిపడే సంగతి. యాకూబ్ భాయి అటూ ఇటూ చూసి, జర మెల్లగ అక్కా అన్నాడు. నాకు బజ్జీలు చల్లారిపోతున్నాయన్న బెంగ తప్ప మరో ఆలోచన లేదు. "అయితే ఇయ్యాల మందుకు నాగా పెట్టు, బజ్జీ తిను. రేపు మళ్ల మందు" అన్నాను. నాగా అంటే పనికి రాని రోజు. మగ్గం ఆడని రోజును కూడా మావైపు నాగా అంటారు.

ఎవరూ నవ్వలేదు. జోకు వేశాక ఎవరూ నవ్వకపోవడం నాకు అలవాటే. సరోజినక్క బజ్జీ వైపు చూస్తూ నెమ్మదిగా అంది:

"ఆదివారం యాటకూర తిన్ననాడు వాళ్లు గిదే చేస్తాండ్రా?"

వాళ్లంటే రోగులు, యాటకూర అంటే మేకమాంసం: అది తిన్ననాడు గోలీకి నాగా. ముందుగా యాకూబ్ భాయి, తల వంచుకొని, తన ఇళ్లలోనూ మిగులుతున్నాయని ఒప్పుకున్నాడు. తప్పు తనదే అనుకొని, మిగిలినవి తెచ్చి ఒక బిస్కట్ల డబ్బాలో వేసి, గడిలో "సరి" అని రాస్తున్నాడట. కొమురయ్యదీ అదే కథ, డబ్బా తప్ప. అతను చెరువులో పారేస్తున్నాడు. ఎవరికి వారు ఈ అవమానం తమ ఒక్కరిదే అనుకొని ఏడాదిగా ఒకే బెంచీ మీద పక్కపక్కన కూచుని దాచుకున్నారు. కనిపించింది కనిపించినట్టు రాసిన ఒకే ఒక మనిషికి మెమో వచ్చింది. లెక్కల్లో దీనికి ఏదైనా సూత్రం ఉందేమోనని తర్వాత వెతికాను, దొరకలేదు.

సోమవారం సరోజినక్కతో నేనూ సాంబయ్య ఇంటికి వెళ్లాను. ఆమె ఈసారి ఫారం తీయలేదు. గుంట మగ్గం పక్కన చతికిలబడి, "సాంబన్నా, పథ్యం ఎట్ల చేస్తున్నవ్?" అని అడిగింది.

అతని మొహం వెలిగింది. ఇన్నాళ్లకు ఒకరు సరైన ప్రశ్న అడిగారు. మగ్గం ఆపి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆదివారం కూర వండుతారు గనుక ఆ రోజు గోలీ ముట్టడు. దసరాకు మూడు రోజులు ముట్టలేదు. బావమరిది పెళ్లికి రెండు రోజులు.

"మరి మందు తప్పినవా అని నేను అడిగితె తప్పలె అంటివి గదనే."

"తప్పలె గదా అక్కా. ఒక్కనాడన్న పథ్యం తప్పిననా? కూర తిని, కల్లు తాగి, ఆ కడుపుల మందు పోస్తె మందుకేం ఇజ్జతుంటది? ఇసం అయితది."

అంటే అతను మా మందును మాకన్నా ఎక్కువ గౌరవించాడు. అతని జవాబు నిజం, ఆమె రాసింది నిజం, మిగిలిన గోలీలు నిజం. మూడు నిజాలు కలిసి ఒక అబద్ధంలా కనిపించాయి. ప్రశ్న మాది.

గడువు చివరి రోజు ముగ్గురు విజిటర్లూ నేనూ డాక్టరు గారి గదిలోకి వెళ్లాం. యాకూబ్ భాయి, కొమురయ్య రానవసరం లేదు. వస్తే తాము దొంగ లెక్క రాశామని తామే చెప్పుకోవాలి. సరోజినక్క వాళ్లను రమ్మనలేదు, వద్దని కూడా చెప్పింది. అయినా యాకూబ్ భాయి ఉదయం బండికి దిగాడు, కొమురయ్య తొలి బస్సుకు దిగాడు.

నా పట్టిక బల్ల మీద పరిచాను. ప్రతి సోమవారం సరిగ్గా ఒక రోజు మోతాదు మిగులుతోంది. పండుగ వారాల్లో మూడు రోజులది. అన్నిటికీ మించిన సాక్ష్యం ఇంకొకటి ఉంది. యాకూబ్ భాయి దొంగ లెక్కనైనా పద్ధతిగా రాసుకునే మనిషి. డబ్బాలో ఏ వారం ఏ ఇంటివి ఎన్ని వేశాడో చిన్న నోటుబుక్కులో ఉంది. అవీ సరిగ్గా అలాగే ఉన్నాయి. కొమురయ్య ఆ వారం మళ్లీ ఇళ్లు తిరిగి అడిగి వచ్చాడు. అతని పల్లెల్లో నాగా ఆదివారం కాదు, అంగడి రోజు, అంటే సంత రోజు. అక్కడ కూర వండేది ఆ రోజే.

డాక్టరు గారు చాలాసేపు చూశారు. అప్పుడు యాకూబ్ భాయి బిస్కట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమిటయ్యా ఇవి?"

"ఆదివారాలు సార్" అన్నాడు.

ఆయన మూత తీసి లోపలికి చూసి మూశారు. ఇంగ్లీషు మందుకు పథ్యం ఏమిటండీ, వైద్యశాస్త్రంలో ఎక్కడుంది అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"లేదని మీకు ఎరుకనే, నాకు ఎరుకనే సార్" అంది సరోజినక్క. "కొత్తవాడకు ఎవరు చెప్పిన్రు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సినిమాలో అయితే ఇక్కడ ఆయన లేచి ఆమెకు నమస్కరిస్తారు. ఆయన కార్బన్ కాగితం అడిగారు. మూడు ప్రతులుగా ఉత్తరం రాసి తన సంతకంతో హైదరాబాదుకు పంపారు. ప్రశ్న రాసింది తానేననీ, లోపం దానిలోనే ఉందనీ అందులో ఉంది. తర్వాతి సర్వీసులో అలాంటి ఉత్తరం రాసిన అధికారిని నేను మరొకరిని చూడలేదు. మెమో వెనక్కి పోయింది. యాకూబ్ భాయికీ కొమురయ్యకూ దాచినందుకు రాతపూర్వకమైన హెచ్చరిక వచ్చింది. ఇద్దరూ దాన్ని బెంచీ మీద చదివి వినిపించారు. కొమురయ్య దాంట్లో బజ్జీలు చుట్టబోతే వద్దన్నాం.

ఫారంలో మూడో గడి పెరిగింది: "పథ్యం చేయుచున్నారా? ఏ రోజులు?" దాంతో పాటు ఈ మందుకు పథ్యం లేదని ప్రతి ఇంటా చెప్పమన్నారు. చెప్పాం. అది ఇంకా పెద్ద గొడవ తెచ్చింది. పథ్యం లేని మందు ఏం మందు, నీళ్లా అని జనం అనుమానపడ్డారు. కొత్తవాడలో ఇద్దరు మానేస్తామన్నారు. రెండు వారాలు చూసి, ఎవరినీ అడగకుండా, సరోజినక్క మాట మార్చింది.

"ఈ మందుకు పథ్యం ఉన్నది, శానా గట్టి పథ్యం. కూర తిను, కల్లు మాత్రం జర తగ్గియ్యి. నాగా మాత్రం ఉండద్దు. ఒక్కనాడు నాగా పెట్టినవా, పథ్యం తప్పినట్టే."

నాగా లేకపోవడమే పథ్యం అయింది. ఆపైన సాంబయ్య పథ్యం తప్పలేదు. మరుసటి ఏడు దసరా నాడు కూడా కూర ముందర గోలీ మింగి మరీ కూచున్నాడు. డాక్టరు గారు ఆ మాటను సూచనల కాగితంలో "విరామరహితముగా సేవింపవలెను" అని అచ్చు వేయించారు. ఎవరికీ అర్థం కాలేదు. రెండో ముద్రణలో "నాగా ఉండద్దు" అనే వచ్చింది.

మా శనివారాల బైఠక్‌ను ఆయన అధికారికం చేశారు. ఎజెండా, హాజరు పట్టీ, కుర్చీలు వచ్చాయి. మొదటి సమావేశంలో ఒక్కరూ నోరు విప్పలేదు. హాజరు పట్టీలో సంతకాలు పెట్టి, అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు పోయి, బెంచీ మీద మాట్లాడుకున్నాం. మూడో నెల నుంచి ఆయన కూడా ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కొని రాసాగారు. బజ్జీ తినేవారు కాదు, కడుపులో మంటకు ఏదో పథ్యం ఉందనేవారు.

ఈ వృత్తిలో నేను పదవీ విరమణ దాకా ఉన్నాను. ఫారం తప్పును ఫారం రాసినవాడు తన బల్ల దగ్గర కూచుని పట్టుకోలేడు. వేరే ఊళ్లో అదే పని చేసే మనిషి, తన దగ్గరా అలాగే జరుగుతోందని ఒప్పుకుంటేనే అది బయటపడుతుంది. ఒప్పుకోవడానికి కుర్చీ కన్నా బెంచీ మేలు. అందుకని ఆ తర్వాత నేను తయారు చేసిన ప్రతి ప్రశ్నావళినీ అచ్చుకు పంపేముందు ఇళ్లు తిరిగే నలుగురికి చదివి వినిపించాను. వాళ్లు నవ్విన ప్రతిచోటా ప్రశ్న మార్చాను.