వెనక నుంచి పిలవకూడదని

నా చిన్నప్పుడు కోరుట్ల నుంచి ఎవరైనా పట్నం పోవాలంటే ముందు వాకిట్లో ఒక పంచాయితీ జరగాలి. పట్నం అంటే హైదరాబాదే, మాకు ఇంకో పట్నం లేదు. మా ఊరికి అప్పటికి రైలు రాలేదు. జగిత్యాల, కరీంనగర్ మీదుగా పోయే బస్సు ఒకటి. చుట్టు తిరుగుతుంది గానీ రోడ్డు మంచిది. వేములవాడ, సిరిసిల్ల మీదుగా పోయేది ఇంకొకటి. దూరం తక్కువే, కానీ దారిలో వంతెన లేని వాగు ఉంది. అదీ కాదంటే నిజామాబాద్ దాకా పోయి అక్కడ రైలెక్కాలి. ఎవరికి తోచిన దారిని వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అందులో సగం మంది జన్మలో పట్నం చూసినవాళ్లు కాదు.

ఆ వానాకాలం పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. మా తమ్ముడికి మూడేళ్లు. నాలుగు రోజులుగా జ్వరం, ఆపైన గొంతు వాచింది. ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపించేవి. ఊరి డాక్టరు చూసి, ఇది తన చేతిలో లేదని, ఈ రోజే పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాడు. పొద్దున్నే చేరినవాళ్లు తలా ఒక దారి చెప్పారు. నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు ఎవరి మాటా చెవిన పెట్టలేదు. "జల్ది పోయేది ఏదుంటే గదే ఎక్కుత" అన్నాడు. జల్ది పోయేది సిరిసిల్ల బస్సు.

నన్ను నీళ్లకు పంపారు. బావి దగ్గర పక్కింటి చాచా మొహం కడుక్కుంటున్నాడు. ఆయన లారీ డ్రైవరు, అప్పుడే వేములవాడ వైపు నుంచి వచ్చాడు. తమ్ముడికి ఎట్లుందని అడిగితే, సిరిసిల్ల బస్సుకు పట్నం తీసుకుపోతున్నారని చెప్పాను. ఆయన చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"వాగు నిండ పారుతున్నది బేటీ. నేనే సుట్టు తిరిగి అచ్చిన. గా బస్సు దాటది. ఉరుకు, జగిత్యాల బస్సు ఎక్కుమని మీ బాపుకు చెప్పు."

బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. నేను వచ్చేసరికి వాళ్లు గడప దాటి బజార్లో నడుస్తున్నారు. అమ్మ చేతిలో సంచి, బాపు భుజం మీద తమ్ముడు. మహా అయితే ఇరవై అడుగుల దూరం. ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరిచాను, తెరిచి మూసుకున్నాను.

మా తాతయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టెక్కేవాళ్లకు శకునాల పట్టింపు ఎక్కువ, కాలు జారితే మనిషి దక్కడు కదా. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే పని చెడుతుందనేది ఆయన పెట్టిన ఖాయిదా. అంతకు నెల కిందట మా మేనమామ ఏదో ఆఫీసు పని మీద జగిత్యాల పోతుంటే, గొడుగు మరిచిపోయాడని వెనక నుంచి పిలిచాను. తాతయ్య ఆయన్ని లోపలికి రప్పించి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ పంపాడు. అయినా ఆ పని కాలేదు. అది నా నోటి వల్లనేనని ఇంటిల్లిపాదీ పది రోజులు నన్ను ఆడిపోసుకున్నారు.

తొమ్మిదేళ్ల దాన్ని, నాకేదో పెద్ద తెలివి తోచింది. వెనక నుంచి పిలవకూడదు గానీ, ఎదురుగా వెళ్లి చెప్పొచ్చు కదా. పక్క బజారు నుంచి చుట్టు తిరిగి పరుగు తీశాను. అక్కడ బురదలో దిగబడిన గడ్డిబండి దారంతా ఆపేసింది. దాని పక్క నుంచి దూరి, పడి, లేచి బస్టాండు చేరేసరికి బస్సు రోడ్డెక్కేసింది. అప్పుడు పిలిచాను. గొంతు చిరిగేలా బాపూ, బాపూ అని బస్సు వెంట అరుస్తూ పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

బస్సు వాగు దగ్గర ఆగిపోయింది. నీళ్లు తగ్గుతాయని చూస్తూ కూర్చున్నారు. బాపు పిల్లవాణ్ణి ఎత్తుకుని వాగులో దిగబోతే నలుగురు పట్టి ఆపారట. మధ్యాహ్నానికి తమ్ముడు అమ్మ ఒళ్లోనే పోయాడు. అదే బస్సులో వాణ్ణి వెనక్కి తెచ్చారు. జగిత్యాల దారిన పోయి ఉంటే బతికేవాడా అంటే ఎవరు చెప్పగలరు? నేనైతే బతికేవాడనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

మూడో రోజు చాచా పలకరించడానికి వచ్చి, వాగు సంగతి పిల్లతో చెప్పి పంపానే అన్నాడు. తాతయ్య నా వైపు చూశాడు.

"చెప్పలేదా బిడ్డా?"

"ఎన్కనుంచి పిలువద్దన్నవ్ గద తాతా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన లేచి పెరట్లోకి పోయి, గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

మైల రోజులు గడిచాక తాతయ్య మళ్లీ పనికి బయలుదేరాడు. చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, గడప దాటి, నాలుగడుగులు వేసి ఆగాడు. నా వైపు తిరగలేదు.

"నన్ను పిలువు బిడ్డా."

"వద్దు తాతా."

"నువ్వు పిలిస్తెనే పోత. లేకుంటే గిట్లనే నిలవడ్త."

తాతా అన్నాను. ఇనవడలే అన్నాడు. ఏడుస్తూ గట్టిగా పిలిచాను. అప్పుడు వెనక్కి వచ్చాడు. కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. "ఏంది బిడ్డా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

"ఏం లేకున్నా పిలువు. శకునం చెడితే నాకు చెడుతది. నువ్వు మాత్రం నోరు మూసుకోకు."

అని తాటివనం వైపు నడిచాడు. ఆయన తిరిగొచ్చే దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడపలో కూర్చున్నాను. వచ్చాడు. మర్నాడు మళ్లీ అట్లాగే నిలబడ్డాడు. వానలు వెనకబట్టే దాకా రోజూ నాతో వెనక నుంచి పిలిపించుకునే తాటిచెట్టెక్కాడు. తోటి గీతగాళ్లు ముసలాయనకు మతి పోయిందన్నారు. తమ్ముడు పోవడంలో నా తప్పేమీ లేదని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అంటే నేను నమ్మేదాన్ని కాదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు కోరుట్లలో రైలు ఆగుతుంది. ఏ దారిలో ఎన్ని గంటలో నా మనవరాలు ఫోనులో చూసి చెబుతుంది. అయినా ఇంట్లో ఎవరు బయలుదేరినా, చెప్పవలసిన మాట గుర్తొస్తే చాలు, వీధి మలుపులో ఉన్నా సరే వెనక నుంచి కేకేస్తాను. కోడలు విసుక్కుంటుంది, విసుక్కోనీ. ఎవరినైనా పిలవగలిగే గొంతు తాతయ్య నాకు మళ్లీ తెచ్చిపెట్టాడు. మా తమ్ముడి పేరు ఒక్కటి మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ ఈ నోట పైకి పలకలేకపోయాను.