సూర్యుడి పేరెత్తని టీచరమ్మ

ఖుసెల్వా పిల్లలకు ఏ మాటైనా నేర్పుతుంది గానీ, సూర్యుడి పేరు మాత్రం చచ్చినా ఎత్తదు. ఒకటో తరగతికి ఖోసా మాటలు నేర్పే శిక్షణకు వచ్చిన పిల్ల ఇలా ఉంటే, ఆమెను ఒక దారిలో పెట్టాల్సిన మాజోలా టీచరు తల ఎక్కడ కొట్టుకోవాలి?

ఆ ఖోసా భాషలో సూర్యుణ్ణి "ఇలాంగా" అంటారు. ఖుసెల్వా మామగారి పేరు లాంగా. మామ పేరు కోడలి నోట రాకూడదు, ఆ పేరు కలిసిన మాటా రాకూడదు. ఈ రోజుల్లో అంత పట్టింపు ఎవరికుంది? పైగా ఆ మామగారు పోయి రెండు నెలలైంది.

గోడ మీది బొమ్మల పటంలో సూర్యుడి దగ్గరికి రాగానే ఖుసెల్వా "ఆ పైనున్నాయన" అనేది. నలభైమంది పిల్లలకూ అదొక ఆటైపోయింది. ఒకడు బట్టలారబెట్టేవాడన్నాడు. ఒకతె మా మేకను నీడకు తరిమేవాడంది. అసలు మాట అందరికీ వచ్చు, ఒక్కరూ అనరు. మాజోలాకు తిండి సహించడం మానేసింది.

"శుక్రవారం కాలేజీ నుంచి మార్కులేసే ఆయన వస్తాడు. కిందటేడు తప్పావు. ఈసారీ తప్పితే ఇక నీకు ఏ బడీ లేదు. ఒక్కసారి అను బిడ్డా, నోరేం కాలిపోదు."

"అలాగే, అమ్మా" అంది ఖుసెల్వా. ఆ రోజు పిల్లలు సూర్యుడికి ఇంకో మూడు పేర్లు పెట్టారు.

శుక్రవారం ఆ పెద్దమనిషి వచ్చి, కర్రతో సూర్యుణ్ణి చూపించి ఇదేమిటని అడిగాడు. పిల్లలంతా కిటికీ వైపు చూశారు. ఈ పిల్లకు ఇక ఏ బడీ లేనట్టే అనుకుని మాజోలా తనూ అటు చూసింది.

కిటికీ కిందే బడి వంటపొయ్యి. అక్కడ మొగుడు పోయినవాళ్లు కట్టే నల్లబట్టల్లో గుమ్మడికాయ తరుగుతోంది మాభేలే. ఖుసెల్వాకు అత్త, లాంగాకు భార్య. ఖుసెల్వా వచ్చిన మొదటిరోజు పిల్లలు ఆ మాట గట్టిగా అరిచినప్పుడు మాభేలే కత్తి వదిలేసి, మొగుడే వచ్చాడేమోనన్నట్టు గేటు వైపు చూడటం, ఆ పూట మొక్కజొన్న మాడిపోవడం మాజోలాకు అప్పుడు గుర్తొచ్చాయి.

చిన్నది యోండెలా లేచింది. "మాభేలే అమ్మమ్మ కంటే ముందు లేచి, ఆమె మసిగుడ్డ ఆరబెట్టేవాడండీ."

"నాకంటే ముందా?" కిటికీలోంచి వినిపించింది. "వాణ్ణి రోజూ లేపేదే నేను."

రెండు నెలల్లో మాభేలే నవ్వడం అదే మొదలు. పెద్దమనిషి ఆ నల్లబట్టలు చూశాడు, పటం చూశాడు, మరేమీ అడక్కుండా కాగితం మీద రాశాడు: పిల్లల మాటల సంపద పుష్కలం. పాస్.

సోమవారానికి ఖుసెల్వా కాలేజీకి వెళ్లిపోయింది. మాజోలా పటం ముందు నిలబడి సూర్యుడి మీద కర్ర పెట్టింది. కిటికీ కింద కత్తి చప్పుడవుతోంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"చెప్పండి పిల్లలూ, మాభేలే రోజూ లేపేది ఎవర్ని?"