సత్తెమ్మ కుడి పక్క

నిన్న పొద్దున్నే వర్లి నుంచి ఫోన్. సత్తెమ్మ కోడలు.

"బాయీ, అత్త లేస్తలేదు" అని ఒక్క మాట అని ఏడ్చింది.

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నన్ను చూసి నవ్విన మనిషి. "జర నూనె పెట్టుకో బాయీ, నెత్తి పిచ్చుక గూడు లెక్కుంది" అన్న మనిషి.

మన వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో "పాపం, చూపు లేని మనిషి" అని రాశారు.

అది తప్పు. తప్పును చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. సత్తెమ్మకు చివరిదాకా చూపు ఉంది. అది ఎలా నిలిచిందో మీకు తెలియాలి.

ఎనభైల నాటి మాట. ముంబై కామాటిపురాలో ఒకే వరండాకు వరుసగా గదులుండే చాల్‌లో మా గదులు పక్కపక్కనే. నేను మున్సిపల్ స్కూల్లో తెలుగు టీచర్ని కాబట్టి అందరికీ "బాయి"ని. సత్తెమ్మ భర్త బిల్డింగ్ పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఆమె బీడీలు చుట్టి కొడుకును పెంచేది. ఒళ్ళో చాట, అందులో తునికాకు, పొగాకు. మాట్లాడుతూనే చుట్టేది. చేతుల వంక చూసేదే కాదు.

చాల్‌లో ఆమెకు పొగరుబోతు అని పేరు. గదుల ముందు గ్యాలరీలో ఎదురుపడి నవ్వినా ఒక్కోసారి పట్టించుకోకుండా వెళ్ళిపోయేది. నల్లా దగ్గర పక్కవాళ్ళ బిందెలు తన్నేది.

"మహారాణి పోతుంది, జరగుండ్రి. మనం ఆమె కంటికి ఆనం" అని ఎదురుగది రాజవ్వ వినపడేట్టే అనేది.

సత్తెమ్మ ఊరుకునే రకమా? "నడిమిట్ల బిందె పెట్టి నన్నంటవా? గ్యాలరీ నీ అయ్యదా?"

ఒకరోజు ఫోరస్ రోడ్ దాటుతుంటే చేతిబండి తగిలి పడింది. పట్టపగలు. బండివాడు అరుస్తూనే ఉన్నాడట. మోచేతికి కట్టు కడుతూ "బండి కనబడలేదా?" అని అడిగాను.

"ఎక్కడికెల్లి ఒచ్చిందో, మీద పడ్డది బాయీ."

ఆ జవాబు నాకు నచ్చలేదు. స్కూల్‌కు సెలవు పెట్టి కంటి దవాఖానకు బయల్దేరదీశాను.

"నకో, వద్దు బాయీ. కండ్లు ఖరాబని బీడీల సేటుకు తెలిస్తే ఆకు ఇచ్చుడు బంద్ చేస్తడు. పోరన్ని ఎట్ల సాకాలె?"

ఆమె భయమంతా అదే. అయినా వచ్చింది. పెట్టెలోని మంచి చీర కట్టుకుని, కళ్ళ నిండా కాటుక పెట్టుకుని. పెద్ద దవాఖానకు బోడి కళ్ళతో పోతారా అని నాకే పాఠం.

ముందు గోడ మీద బోర్డు. ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించాలి. సత్తెమ్మ చివరి వరుసదాకా టకటకా చూపించింది.

"పాస్! చలో బాయీ. ఆకు కత్తిరించి తడిగుడ్డల చుట్టి ఒచ్చిన, ఎండిపోతది."

బోర్డు చదివితే కళ్ళు బాగున్నట్టే అని మనవాళ్ళ లెక్క. ఇప్పటికీ అంతే.

చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "పరీక్ష ఇంకా కాలేదు. కూర్చో."

డాక్టర్ ఆమె ఎడమ కన్ను మూయించి, తన ముఖం వైపే చూడమన్నాడు. పక్క నుంచి వేలు తెస్తాను, కనబడగానే చెప్పమన్నాడు. వేలు కుడి పక్క నుంచి మెల్లగా వస్తోంది. స్టూలు మీద కూర్చున్న నాకు కనబడుతోంది. ఆమె చెంప దాటి, దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చేసింది.

"ఇంక షురూ చెయ్యలేదా డాక్టర్‌సాబ్?" అంది సత్తెమ్మ.



తర్వాత కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి, లైటుతో లోపలి నరం చూశారు. కాటుక చెంపల మీద నల్లగా కారింది. గ్లాకోమా. ఒత్తిడికి నరం దెబ్బతిని పక్క చూపు పోతోంది, కుడివైపు ఎక్కువ. పోయింది తిరిగి రాదు, రోజూ మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది కాపాడుకోవచ్చు అన్నాడు.

పాప పెద్దది చేసిన చుక్కల వల్ల ఇంటికొచ్చేసరికి ఆమెకు దగ్గరివన్నీ మసక. "బాయి తీస్కపొయి ఉన్న కండ్లు పోగొట్టింది!" అని రాజవ్వ చాల్ అంతా వినిపించింది. సత్తెమ్మ ఏడ్చింది. మందు మసకే, దిగిపోతుంది అని నేను చెప్పినా నమ్మలేదు.

కానీ ఆకు ఎండిపోతోంది. చాట ముందేసుకుని, కళ్ళు మూసుకుని చుట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఎప్పటిలాగే సమంగా వచ్చాయి. ఒకటి తడిమి చూసి ఆగిపోయింది.

"ఇన్నొద్దులు చేతులే చూసినయ్ బాయీ. గందుకే నాకు తెల్వలే."

మర్నాటికి మసక పోయింది. ఆ రోజు నుంచి డాక్టర్ ఇచ్చిన మందు చుక్కలు మానలేదు. సేటు ఆకు ఆపలేదు. రాజవ్వకు నేనే విషయం చెప్పాను. మరుసటి పొద్దున నల్లా దగ్గర గట్టిగా అరిచింది: "సత్తెమ్మా, కుడికెల్లి ఒస్తున్న!"

తర్వాత చాల్ అంతటికీ అదే అలవాటైంది.

పిల్లలూ, బోర్డు ఒక్కటే చదివించుకుని రాకండి. పక్క చూపు, ఒత్తిడి, లోపలి నరం అన్నీ చూపించుకోండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసక ఉంటుంది, ఎండ గుచ్చుకుంటుంది. బండి నడపకండి, తోడు ఒకరిని తీసుకెళ్ళండి. ఇది ఇంటివాళ్ళలో నడిచే జబ్బు. సత్తెమ్మ కొడుకూ, మనవరాళ్ళూ, మీకే చెబుతున్నాను. దినాలు కాగానే వెళ్ళాలి. నేను అడుగుతాను.

ఆమెతో ఎక్కడికి వెళ్ళినా నేను కుడి పక్కనే నడిచాను. నిన్న వర్లిలో ఆమెను పడుకోబెట్టిన చోట అందరూ చోటు దొరికిన వైపు నిలబడ్డారు.

నా కాళ్ళు కుడి పక్కకే వెళ్ళాయి.

సత్తెమ్మా, ఇంక ఏ పక్క నుంచీ ఏదీ వచ్చి తగలదు.

నిమ్మళంగా పడుకో.