మన్నులో ముందు దిగినవాడు

శ్రీరస్తు. విఘ్నములను తొలగించు వేలుపునకును, వాక్కునొసగు తల్లికిని, ఇసుకలో నా వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించిన పెద్దలకును మ్రొక్కి, స్వస్తిశ్రీ చాంద్రమాన బహుధాన్య నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి నాడు గద్వాలలో జరిగిన సంగతిని వ్రాయుచున్నాను. ఆ దినమున నన్ను పొగడినవారు పలువురు. ఆ పొగడ్త తలపునకు వచ్చినప్పుడెల్ల నేటికిని నా తల వంగిపోవును.

అప్పటికి నేను ఆ ఊరి పాఠశాలలో, ఊరివారి నోట మదర్సాలో, తెలుగు పండితుడను. తక్కిన పాఠములన్నియు ఉర్దూలో నడచుచుండెను. దినమునకొక గంట మాత్రము తెలుగునకు దక్కెను. ఆ గంటలో మల్లయుద్ధ ఘట్టములను బల్ల అదరునట్లు చదివి అర్థము చెప్పుటలో నాకు పేరుండెను. నా దేహము మాత్రము గాలికి ఊగు జొన్నదంటు.

కోట వెనుక వీధిలో ఒక తాలీముండెను. ఎర్రమన్ను నింపిన గుంత, గోడకు చేరవేసిన కర్రలు, గూటిలో హనుమంతుని పటము, దాని ప్రక్కనే పీరుకు కట్టు ఆకుపచ్చని గుడ్డ. అందు కుస్తీయు కర్రసామును నేర్పు ఉస్తాదు వృద్ధ మహమ్మదీయుడు. నాగులపంచమికి కొన్ని దినముల ముందు అతడు మా ప్రధానోపాధ్యాయుని యొద్దకు వచ్చెను.

“మా తాన సాముకు మన్నుంది, కర్రలున్నయి, పిల్లలే తక్కువైండ్రు సాబ్. మీ మదర్సల పిల్లలున్నరు. పొద్దుగాల జర ఒక గంట ఇయ్యుండ్రి, నేర్పిస్త.”

“ఎవరు పంపుతరు ఉస్తాద్? ఒక్క పిల్లగానికి చెయ్యి ఇరిగితే ఊరంత నా గల్ల పట్టుకుంటది.”

ఉస్తాదు నావైపు చూచెను. “ఈ పంతులు సాబ్ ముందుగాల దిగితే? పంతులు దిగినంక ఎవరు అడ్డమొస్తరు?”

“పంతులా! ఆయన దిగితే మన్నే ఆయనమీద దయ తల్వాలె!”

గదిలోని ఉపాధ్యాయులందరును నవ్విరి. ఆ నవ్వు తాళజాలక దిగెదనంటిని.

బయటికి వచ్చిన పిమ్మట ఉస్తాదు నాకొక మాట చెప్పెను. నా ఏడవ తరగతిలో ఒక నేతవారి పిల్లవాడుండెను. పాఠము అప్పగించుమన్న తడబడును. తాలీములో మాత్రము పిల్లలందరిలో మేటి. తండ్రి వానిని బడి మాన్పించి మగ్గమునకు కూర్చుండబెట్ట నిశ్చయించెను. “మదర్సల తాలీం నడిస్తే వీడు నా చేతికింద పిల్లలకు చెప్తడు, ఏడో జమాత్ అయ్యేదాంక మగ్గం మాటెత్తకు అని వీని నాయినతోని అన్న. ఆయన సరే అన్నడు,” అని ఉస్తాదు చెప్పెను. ఆ పిల్లవాని చదువు ఆ యొక్క ఒప్పందముమీద నిలిచియున్నదని నేనెరుగుదును.

తాలీమునకొక కట్టుబాటు గలదు. అందు వయస్సునకును, కులమునకును, విద్యకును పెద్దరికము లేదు. మన్నులో ముందు దిగినవాడే అన్న. వెనుక వచ్చినవాడు అతని మోకాళ్ళు తాకి ఆ చేతిని నొసట చేర్చుకొనవలెను. అన్న పిడికెడు మన్ను తీసి వాని భుజముమీద చల్లవలెను. అట్లు మన్నీయక గుంత వెడలినవాడు ఆ యేడు మరల అందు కాలు పెట్టరాదు.

పిల్లలలో పెద్దన్న ఆ నేతవారి పిల్లవాడే. పంచమికి ముందటి సాయంకాలము ఉస్తాదు గడ్డము నిమురుకొనుచు, “పంతులు సాబ్, మీకు నేనే మన్ను చల్లుత. పోరనితోని ఎందుకు?” అనెను. నియమము నాకొరకు సడలరాదంటిని. పైగా వినయమును గూర్చి ఒక శ్లోకము కూడ వినిపించితిని. అతడు శ్లోకము ముగియువరకు ఓపికతో విని, “మీ ఇష్టం,” అని వెడలిపోయెను.

మరునాటి ఉదయము పుట్టలో పాలు పోసి వచ్చిన తలిదండ్రులు తాలీము చుట్టును మూగిరి. లంగోటి బిగించి, జందెము మెడకు చుట్టుకొని, నా శిష్యుల యెదుట నిలిచితిని. సిగ్గుతో చేతులెక్కడ దాచుకొనవలెనో తెలియకుండెను.

“అరే, పంతులుకు బొక్కలన్ని కనవడ్తున్నయిరా!” అని వెనుకనుండి ఒకడనెను.

“లెక్కల సారును పిల్వు, ఎన్నున్నయో చెప్తడు!” అని వేరొకడు.

“పెద్దన్నకు సలామీ!” అని ఉస్తాదు కేక వేసెను. పిల్లవాడు పిడికిట మన్ను పట్టి గుంత నడుమ నిలిచియుండెను. నేను వంగి వాని మోకాలు తాకితిని. “వద్దు పంతులయ్యా, వద్దు!” అని అరచి, వెనుకకు దుమికి, పిడికిటి మన్ను విడువకయే గోడ దాటి పారిపోయెను.

అంతట ఒక వర్తకుడు, “అబ్బ, ఏం వినయం! పంతులంటే గిట్లుండాలె!” అనెను. తక్కినవారు ఔననిరి. ఆ పూటనే పలువురు తమ పిల్లలను మన్నులో దింపిరి. ప్రధానోపాధ్యాయుడు నా చేయి పట్టుకొని ఊపెను. నేను గోడవైపు చూడక వారి మాటలు వినుచు నిలిచితిని.

జనము వెడలిన పిదప ఉస్తాదు కర్రలు సర్దుచు, “మన్నియ్యకుండ పోయిండు. ఈ యేడు ఇగ దిగరాదు,” అనెను.

“పసివాడు గదా, ఒక్కసారికి సడలింపరాదా?” అంటిని.

“నిన్న నేను సడలిస్తనంటి. మీరే వద్దంటిరి. నలుగురి ముంగట మీకు లేని సడలింపు సాలోళ్ళ పోరనికి ఎట్ల ఇయ్యాలె? మీరే చెప్పుండ్రి.”

నేను ఉత్తరీయము కప్పుకొని ఇంటిదారి పట్టితిని.

రెండు దినములు పిల్లవాడు బడికి రాలేదు. మూడవనాడు వారి ఇంటికి పోతిని. తండ్రి మగ్గపు గుంతలో కూర్చుండి నేయుచుండెను. పిల్లవాడు నన్ను చూచి గోడవైపు మొగము త్రిప్పుకొనెను. తల్లి రాట్నము విడిచి లేచి వచ్చెను.

“పంతులయ్యా, మా గడపకొచ్చిండ్రా! పిల్లగాడు కూడు ముడ్తలేడు. గురువు చెయ్యి నా కాళ్ళకు తాకింది, నా కండ్లు పోతయా అని అడుగుతుండు. మీ శాస్త్రంల ఏమున్నదో చెప్పుండ్రి. ఏదన్న శాంతి ఉంటే చేపిస్తం.”

“పాపమేమియు లేదమ్మా. శాంతి అక్కరలేదు.”

“ఏం లేకపోతే మీరెందుకొచ్చిండ్రయ్యా?”

మగ్గపు చప్పుడు ఆగెను.

“ఉస్తాదు మాట తప్పలే, నేను తప్పలే,” అని తండ్రి తలయెత్తక పలికెను. “పోరడే తాలీం ఇడిసిండు. ఇగ మగ్గమే మంచిది.”

ఆ పిల్లవానితో, రేపు తరగతికి రమ్మని గురువుగా ఆజ్ఞాపించితిని. వాడు గోడవైపునుండి మరలకయే తల ఊపెను. మరునాడు వాని చోటు ఖాళీగానే యుండెను. నేను మాత్రము ప్రతి ఉదయమును తాలీమునకు పోవుచునే యుంటిని. నేను మానినచో తక్కిన పిల్లలు మానెదరని ప్రధానోపాధ్యాయుడనెను. దారిలో ఎదురైనవారు నా వినయమును మెచ్చుకొనుచుండిరి. వారితో, ఆ వినయమునకు మూల్యమెవరు చెల్లించిరో చెప్పుటకు నోరు రాకుండెను.

ఆ సంవత్సరము ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు పాఠశాల ఆవరణమునందే గుంత త్రవ్వి ఎర్రమన్ను పోసిరి. సభ చేసి నాకు శాలువ కప్పిరి. కార్తిక బహుళ తదియ నాడు ఆ పిల్లవాడు మేనమామ వెంట షోలాపురములో మగ్గము నేయుటకు పోయెను.