ఆఖరి మూడు పేజీలు

రచయిత్రి అనగానే కిటికీ పక్కన బల్ల, ఆవిరి కక్కే కప్పు, ఎటో చూసే చూపు ఊహించుకునేవాళ్ళు ఈవిడను చూస్తే ఉసూరుమంటారు. ఈవిడది కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా నిలబడి చేసే పని. జేబులో గోరంత స్క్రూడ్రైవరు, భుజం మీద అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ. ఇంట్లోవాళ్ళు సరదాకి పెట్టిన ‘కళ్ళజోడు’ అన్న పేరు స్థిరపడిపోయింది గానీ ఆమెకు మాత్రం జోడు లేదు. చూపు నిక్షేపంలా ఉంటుంది. ఎదురుగా ఉన్నది కనబడకపోవడానికి చూపు మందగించక్కర్లేదని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆమె రాసేది పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల కోసం. ఆ పిల్లల గురించి ఇంత ఎలా తెలుసని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది. తెలియకేం? రోజుకొకరైనా వచ్చి ఆమె ముందున్న గుండ్రటి అద్దంలో తమ మొహం తాము చూసుకుని బెంగపడేవాళ్ళే. తల్లో తండ్రో బయట ఫోన్లో ఉంటారు. ఈమె వాళ్ళ ముక్కు మీద ఫ్రేము ఆనించి, చెవుల వెనక కాడలు సర్దుతూ ఉంటుంది. అంత దగ్గరగా నిలబడి, వాళ్ళ వైపు కాక వాళ్ళ ముక్కు వైపు చూసే మనిషితో పిల్లలు ఏమైనా చెప్పేస్తారు. ఒక కుర్రాడు బోర్డు మీద రాత అసలేం కనబడకపోయినా ఏడాదంతా పక్కవాడి పుస్తకంలో చూసి నెట్టుకొచ్చానని చెప్పాడు. ఒక పిల్ల చూపు బాగానే ఉన్నా స్నేహితురాలికి జోడు వచ్చిందని తనకీ కావాలని డాక్టరు దగ్గర అక్షరాలన్నీ తప్పు చదివింది. ఈమె ఊఁ కొడుతూ వినేది. వాళ్ళు వెళ్ళాక లెన్సులు వచ్చిన కాగితపు కవర్ల వెనక రెండు ముక్కలు రాసుకునేది.

కానీ నవలకు అసలు ప్రాణం షాపులోంచి రాలేదు. అక్క కూతురు దగ్గర్నుంచి వచ్చింది.

అక్క కూతురికి నత్తి. ఇంట్లో ఫర్వాలేదు గానీ బళ్ళో మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది. పిల్ల పట్టుదల గలది. స్నానాల గదిలో పంపు విప్పి, ఆ చప్పుడులో పాఠం పైకి చదువుతూ ఫోన్లో రికార్డు చేసుకునేది. ఒకరోజు పేజీ అంతా ఒక్కసారి కూడా ఆగకుండా చదివింది. ఆ సంతోషం పట్టలేక ఆ రికార్డూ, దానికి ముందు తప్పులతో చేసినవీ కలిపి తన ప్రాణస్నేహితురాలికి పంపింది. ఆ మహాతల్లి ఆ తప్పుల రికార్డు భోజనాల వేళ క్లాసందరికీ వినిపించింది. వెనక పంపు చప్పుడుతో సహా. అందరూ నవ్వారు, ఆ స్నేహితురాలు అందరికంటే ఎక్కువ నవ్వింది. అక్క కూతురు ఏదో అనబోయింది. మాట రాలేదు. రానందుకు మళ్ళీ నవ్వారు.

కొన్నాళ్ళకు పిన్ని దగ్గర కూర్చుని అదంతా చెప్పి, అక్క కూతురే అంది:

“నువ్వు దీన్ని కథగా రాస్తావు కదా పిన్నీ?”

“నువ్వు వద్దంటే రాయను.”

“రాయి. కానీ ఒకటి. పుస్తకంలో నేను దాన్ని క్షమించకూడదు. అది ఇంటికొచ్చి బతిమాలాలి. నేను ‘క్షమించను’ అని చెప్పాలి. ఒక్కసారి కూడా ఆగకుండా చెప్పాలి. అక్కడైనా చెప్పనీ నన్ను.”

“ఒట్టు,” అంది కళ్ళజోడు, పిల్ల తల మీద చెయ్యి పెట్టి. ఆ ఒట్టు కోసమే నవలంతా రాసింది. ఆఖరి మూడు పేజీలు ముందు రాసి, వాటి దగ్గరికి మిగతా కథను నడిపించుకుంటూ వచ్చింది.

ఇక ప్రచురణకర్తల చుట్టూ ప్రదక్షిణలు. ఒకాయన రాతప్రతిని చేత్తో తూచినట్టు పట్టుకుని, “ఈ వయసు పిల్లలకని పుస్తకాల షాపుల్లో ఒక అల్మరా అయినా ఉండదమ్మా. ఇంకాస్త చిన్నపిల్లల కోసం రాయి, ఏనుగును పెట్టు. లేదా పెద్దవాళ్ళ కోసం రాయి, ప్రేమ పెట్టు,” అన్నాడు. ఇంకొకాయన చదవనే లేదు, అట్ట మీద ఏ బొమ్మ వేయాలో మాత్రం అరగంట చెప్పాడు. ఏనుగుకూ ప్రేమకూ మధ్య పదిహేనేళ్ళ పిల్లలు ఎక్కడికి పోవాలో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు తగిలింది పాత స్నేహితురాలు. కాలేజీలో ఒకే బెంచీ. ఇప్పుడొక ప్రచురణ సంస్థలో సంపాదకురాలు. రచయితలు ఆమెను చాటుగా ‘కత్తెర’ అంటారని తర్వాత తెలిసింది. రాతప్రతి రెండు రోజుల్లో చదివి ఫోన్ చేసింది. “ఏమే, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని? ఏడిపించావు కదే!” కళ్ళజోడు ఆ పూట ఒకాయనకు ఎడమ లెన్సు కుడివైపు బిగించింది. అంత సంతోషం.

పని కూడా బాగా చేసింది స్నేహితురాలు. అది కాదనకూడదు. వాక్యం వాక్యం పట్టుకుని కూర్చుంది, సాగిన చోట సాగిందని మొహం మీదే చెప్పింది, బాగున్న చోట బాగుందంది. ఒకరు తన రాతను అంత శ్రద్ధగా చదవడం కళ్ళజోడుకు అదే మొదటిసారి. మనిషి కరిగిపోయింది. కరిగినవాళ్ళు జాగ్రత్తగా ఉండరు.

పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. షాపులో రద్దీగా ఉంది. పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయనీ, నవల ఆఖరి ఫారం దాటి మూడు పేజీలు పొంగిందనీ స్నేహితురాలు చెప్పింది. “ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం వెయ్యరు. చివర్లో కాస్త సర్దనా?”

ఒక చేత్తో ముసలాయన ఫ్రేము పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకున్న కళ్ళజోడు, “నువ్వు చూసుకోవే, నీకు తెలియనిదా,” అంది. ఎన్నో మాటలు దిద్దీ తుడిచీ రాసిన మనిషి, ఆ ఒక్క మాట మాత్రం ఆలోచించకుండా అనేసింది.

పుస్తకం వచ్చింది. వాసన చూసుకుంది, అట్ట నిమిరింది, తన పేరు చదువుకుంది. తర్వాత ఆఖరి పేజీ తీసింది. గుమ్మంలో నిలబడిన స్నేహితురాలిని కథానాయిక చూస్తుంది. కళ్ళు చెమరుస్తాయి. మాటల్లేకుండా కావలించుకుంటుంది. ‘కొన్నిసార్లు మౌనమే క్షమ’ అని ఒక వాక్యం. కథ అయిపోయింది.

‘క్షమించను’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట కోసమే పుట్టిన పిల్ల నోరు మూయించి కథ ముగించారు.

కళ్ళజోడు ఆటో ఎక్కి నేరుగా ప్రచురణ సంస్థకు వెళ్ళింది.

“ఏమిటే ఇది? కావలించుకోవడమేమిటి? నేనెక్కడ రాశాను?”

“నిన్నడిగాను కదే. చూసుకోమన్నావు.”

“కుదించుకోమన్నాను. నా కథకు నీ ముగింపు పెట్టమన్నానా?”

“కుదిస్తే ఏం మిగులుతుందే అక్కడ? ఆ పిల్ల మొహం మీద తలుపు వేస్తుంది. అలా ముగిస్తే బడి లైబ్రరీలవాళ్ళు ముట్టుకోరు. నీ మంచికే చేశాను. ఒక్క మాట చెప్పనా? అచ్చుకు ముందే ప్రతి చదివి వాళ్ళు ఇచ్చిన ఆర్డర్లకు మొదటి ముద్రణ చాలక, అప్పుడే రెండో ముద్రణకు వెళ్తున్నాం.”

“అందులోనైనా నాది నాకు పెట్టు.”

“వాళ్ళకు నచ్చిందే ఈ ముగింపు. ఇప్పుడెలా మారుస్తానే? కూర్చో, టీ తాగు.”

గొడవ పడినా బాగుండేది. స్నేహితురాలు మేలు చేశాననే మనస్ఫూర్తిగా నమ్ముతోంది. ఆమె చేతిలో పెట్టినందుకు కళ్ళజోడుకు తన మీద తనకే రోత పుట్టింది. టీ ముట్టకుండా వచ్చేసింది.

అక్క కూతురికి చెప్పాలి. ఎలా చెప్పాలి? ఈ వారం, వచ్చే వారం అని వాయిదా వేసింది. పిల్ల ఫోన్ చేసి అడిగినప్పుడల్లా, “ఇంకా నాకే రాలేదమ్మా,” అంది. వచ్చిన కాపీలు షాపులో ఫ్రేముల డబ్బాల వెనక ఉన్నాయి. చివరికి ఒక ఆదివారం ధైర్యం కూడగట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. చెప్పడానికి గొంతు సవరించుకుంటూ ఉంటే బెల్లు మోగింది. అక్క కూతురు వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో, ఆనాడు క్లాసుకు రికార్డు వినిపించిన స్నేహితురాలు. చేతిలో బడి లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మొత్తం చదివానే,” అంది ఆ పిల్ల. “పంపు చప్పుడు రాగానే ఇది మనమే అని తెలిసిపోయింది. నాకు సిగ్గేసింది. కానీ చివర్లో... నువ్వు నన్ను క్షమించావని నాకు తెలియనే తెలియదే! మీ పిన్నితో చెప్పావు గానీ నాతో ఎందుకు చెప్పలేదు?”

“క్ష... క్ష...” అంది అక్క కూతురు.

“చెప్పకులే. నాకు తెలుసుగా,” అంటూ ఆ పిల్ల ఏడుస్తూ కావలించుకుంది.

వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఎన్నాళ్ళకొచ్చావే! రా లోపలికి, కూర్చో,” అని సంబరపడిపోయింది. అక్క కూతురి చేతులు రెండూ అలాగే పక్కకు వేలాడుతున్నాయి. తల మాత్రం వెనక్కి తిప్పి పిన్ని వైపే చూస్తోంది. కళ్ళజోడు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. వచ్చిన పిల్ల అబద్ధం ఆడటం లేదు, నిజంగానే ఏడుస్తోంది. ఆమెకు ఇప్పుడు ఏం చెప్పినా అది ఇంకో అవమానం అవుతుంది.

ఆ పిల్ల టీ తాగి, నవ్వి, రేపు బళ్ళో కలుద్దామని వెళ్ళిపోయింది. పుస్తకం వదిలేసి వెళ్ళింది, తీరిగ్గా చదువుకో అని. అక్క కూతురు నిలబడే ఆఖరి పేజీ తీసి చదివింది. మళ్ళీ మొదటి నుంచి ఆ పేజీనే చదివింది.

“అది నేను రాయలేదమ్మా,” అంది కళ్ళజోడు. “నీ మీద ఒట్టు. వాళ్ళు మార్చేశారు. నాకు చెప్పనైనా చెప్పలేదు.”

అక్క కూతురు పుస్తకం మూసి, అట్ట పిన్ని వైపు తిప్పి పట్టుకుంది.

“పే... పేరు నీదే కదా పిన్నీ.”