ఆ మాటలు నేనే చదివి వినిపించిన రోజు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు జల్‌పల్లి నుంచి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే ఒక ప్రశ్న తెచ్చి నా ముందు పెట్టింది. దాని ఆఫీసులో ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీలో ఈ మధ్యే దాన్ని సభ్యురాలిని చేశారట, వచ్చిన మొదటి కేసే చిక్కుగా ఉందట, ఒక పెద్ద ఉద్యోగి తన కింద పనిచేసే అమ్మాయిని రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడట. "చెయ్యి వెయ్యలే పెద్దమ్మా, ఖాలీ మాటలే. అది లైంగిక వేధింపు కింద వస్తదా రాదా అని కమిటీల ఒకటే లొల్లి" అని, ఇచ్చిన చాయ్ కూడా ముట్టకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఖాలీ మాటలే అని వినగానే నాకు ఒళ్లు మండింది. దాని మీద కాదు, నా ఈడు ఆడవాళ్లం అదే మాటను ఎన్నేళ్లు నమ్ముకుని బతికామో గుర్తొచ్చి.

అప్పట్లో నేను బహదూర్‌పురా అవతల ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. పేరు ఎందుకులెండి, ఇప్పుడా కంపెనీ లేదు, ఆ జాగాలో ఫంక్షన్ హాలు వెలిసింది. హుస్సేనీ ఆలంలో బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసి మమ్మల్ని పెంచిన మా బాపుకు, పదో తరగతి పాసైన బిడ్డ కంపెనీ బస్సెక్కి పనికి పోతుందంటే మస్తు గొప్పగా ఉండేది, పాలు పోసే ప్రతి ఇంట్లోనూ ఆ సంగతి చెప్పి వచ్చేవాడు. పెళ్లయ్యాక కూడా ఆ ఉద్యోగం వదలలేదు.

మాది చూపు పని. ఎనిమిది మంది ఆడవాళ్లం ఒక పొడుగాటి బల్ల ముందు వరుసగా కూర్చుని, ఎదురుగా దీపం, దీపం వెనక సగం నలుపు సగం తెలుపు వేసిన పలక, ఇంజెక్షన్ మందు నింపిన చిన్న చిన్న గాజుసీసాలను ఒక్కొక్కటే ఎత్తి తలకిందులు చేసి, లోపల నలుసేమైనా తిరుగుతున్నదా అని చూడాలి. కనబడిన తప్పును పక్కనే ఉన్న పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకానికి ఒక కట్టుబాటు ఉండేది. సీసా బాగాలేదు అని రాయకూడదు. బాగుందో లేదో తేల్చడం మన పని కాదు, కంటికి ఏం కనబడిందో అదే రాయాలి: నల్ల నలుసు ఒకటి, మూతి దగ్గర పగులు, పక్కన టైము. నాకు మొదటి రోజే ఇది నేర్పినామె మా బల్ల మీద అందరికన్నా పాత మనిషి, నాకన్నా పదకొండేళ్ల ముందు చేరినామె. అందరం పెద్దక్క అనేవాళ్లం. ఆదివారం చర్చిలో పాడే గొంతు, సోమవారం మా బల్ల దగ్గర కూడా కూనిరాగం తీస్తుండేది.

మా సూపర్‌వైజర్ ఇద్దరాడపిల్లల తండ్రి, నుదుట బొట్టు, పండగొస్తే అందరికీ మిఠాయి, కాబట్టి అతన్ని చెడ్డవాడని అనడానికి ఎవరికీ నోరు రాదు. పొద్దున రాగానే మా వెనక నడుస్తూ ఒక్కొక్కరి వీపు దగ్గర ఆగేవాడు. మొదట్లో చీర బాగుందనేవాడు, తర్వాత ఎవరి కోసం కట్టావనేవాడు, ఆ తర్వాత కళ్లు ఎర్రగున్నయేంది, రాత్రి మీ ఆయన పండనియ్యలేదా అనేవాడు. ఇంకా దిగజారినవి ఉన్నాయి. బల్ల బల్లంతా నవ్వేది, అందరికన్నా గట్టిగా పెద్దక్క నవ్వేది. కొన్ని నెలలు నేనూ నవ్వాను, దాచడం ఎందుకు.

ఒకరోజు లారీ దించే మనుషుల ముందు, వంగి ట్రే ఎత్తుతున్న నన్ను చూసి అతనొక మాటన్నాడు, వాళ్లంతా పగలబడి నవ్వారు. మర్నాడు పొద్దున కంపెనీకి బయల్దేరుతూ, ఏ చీర కడితే ఇవాళ ఏమీ అనకుండా ఉంటాడో అని మూడుసార్లు చీర మార్చాను. మూడోసారి కుచ్చిళ్లు పోసుకుంటుంటే కోపం వచ్చింది చూడండి, అతని మీదకన్నా నా మీద ఎక్కువ.

ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి ప్రతి బ్రాంచీలోనూ కమిటీ వెయ్యాలని బొంబాయిలోని మా హెడ్డాఫీసు కాగితం పంపిన రోజులవి. మేనేజరు, ఇద్దరు ఆఫీసర్లు, బయటి నుంచి ఒక కాలేజీ లెక్చరరమ్మ, అదీ కమిటీ. నేను ఫిర్యాదు రాశాను. రాసి, మాలాంటి ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లు చేసే తప్పే చేశాను. అతను అన్న మాటలను నా చేత్తో కాగితం మీద పెట్టడానికి ప్రాణం ఒప్పక, సూపర్‌వైజర్ గారు నాతో అసభ్యంగా మాట్లాడుతున్నారు అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. గారు కూడా పెట్టాను, చూశారా. మూడు వారాలకు జవాబొచ్చింది: ఏం మాటలో స్పష్టంగా లేదు, అతను సరదా మనిషి, ఎవరినీ ముట్టుకున్నది లేదు, కనుక ఇది వేధింపు కింద రాదు, మీరు అదే సెక్షన్లో కొనసాగండి.

అంటే ఇంకో ఇరవై ఏళ్లు అతని కిందే. పైగా ఇప్పుడతనికి భయం కూడా పోయింది. రోజూ నా వెనక నిలబడి ఒక మాట విసిరి, ఇది సభ్యమా అసభ్యమా మేడమ్, రాసుకోండ్రి అని అందరినీ నవ్వించేవాడు. మా అత్తయ్య ఉద్యోగం మానెయ్యమంది. గడియారాలు బాగుచేసుకునే మా ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, ఆయన తలెత్తకుండానే, "తప్పు చేసినోడు రాయాలె రాజీనామా, నువ్వెందుకు రాస్తవ్" అన్నాడు.

రాసుకోమన్నాడు కదా, రాసుకున్నాను. రెండు నెలలు, విడిగా ఒక నోటుబుక్కులో, సీసాల తప్పు రాసినట్టే. తారీఖు, టైము, అన్న మాట అన్నట్టే, పక్కన ఎవరున్నారో వాళ్లు. అసభ్యం అనే మాట ఒక్కచోట కూడా వాడలేదు. అదంతా తిరగరాసి రెండో ఫిర్యాదుగా ఇచ్చాను. ఇది కూడా వేధింపు కాదంటే ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చోవాల్సిందేనని నాకు తెలుసు.

విచారణ మేనేజరు గదిలో. అతను నాకెదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సాక్షిగా పెద్దక్కను పిలిచి అడిగితే ఆమె నేల చూస్తూ, "జోక్ చేస్తడు సార్. అందరితోని గట్లనే అంటడు, మేం నవ్వుతం" అని చెప్పింది. అతను నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. మేనేజరు నా కాగితం తీసి మొదటి వరుస కళ్లతో చదువుకుని, మడత పెట్టేసి, ఇవన్నీ పైకి చదవడం ఎందుకమ్మా, ఇక్కడ లేడీస్ ఉన్నారు అన్నాడు.

నేను లేచి ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకున్నాను. మొదటిదాని నుంచి ఆఖరిదాకా, టైముతో సహా, ఒక్క అక్షరం మింగకుండా చదివాను. అతని కాలు మీది కాలు ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. చదవడమయ్యాక, "సార్, గీ రూముల నలుగురి ముందు చదవనీకి రాని మాటలు, పని కాడ ఆడోళ్లకు రోజూ ఎట్ల చెప్తడు? వేధింపు కాదని మీరే రాయండ్రి. కానీ దాని కింద గీ మాటలన్నీ కూడ రాయండ్రి, నేను సంతకం పెడ్త" అన్నాను. లెక్చరరమ్మ అప్పుడే పెన్ను తెరిచింది. వారానికి తీర్పొచ్చింది, వేధింపే అని. అతన్ని వేరే ఊరి బ్రాంచికి పంపించారు.

మా పిల్లకు ఇదంతా చెప్పి, ఆయన చెయ్యి వేశాడా లేదా అని కాదు, ఆ అమ్మాయి పొద్దున ఇంట్లోంచి ఎట్లా బయల్దేరుతుందో అడుగు, అన్న మాటలు అన్నట్టే రాయించు, మీ కమిటీలో కాదనేవాళ్లతో వాటిని పైకి చదివించు అన్నాను. అప్పుడది, ఆ అమ్మాయి పక్క సీట్లవాళ్లు మాత్రం నవ్వుతున్నారు పెద్దమ్మా, జోకేనంటున్నారు అంది. అప్పుడు దానికి పెద్దక్క సంగతి కూడా చెప్పాను.

ఆ విచారణ తర్వాత పెద్దక్క నాతో కలిసి అన్నం తినలేదు, నేనూ పిలవలేదు. ద్రోహం చేసిందనే కోపంతో, ఆరేళ్లు ఒకే బల్ల మీద మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఆమె రిటైరైన రోజు దండలూ ఫొటోలూ అయ్యాక, మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఆ దినం నువ్వు చదువుతాంటే, నీకన్నా ముందే నా నోట్లె ఆడినయే ఆ మాటలు. నీ ఈడు పిల్లగున్నప్పుడు నన్ను గూడ వాడు గవే అన్నడు" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది. తర్వాత మేం కలవలేదు.

ఈ రోజుల్లో చట్టం ఉంది, ఆఫీసు గోడల మీద బోర్డులున్నాయి, మా పిల్లలాంటివాళ్లు సెలవు రోజున కూడా దీని గురించే తల బద్దలు కొట్టుకుంటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. మా కాలంలో పెద్దక్కను అతని ఎదురుగా కూర్చోబెట్టి అడిగారే తప్ప, ఒంటరిగా పిలిచి నీకెట్లుండె అని అడిగినవాళ్లు లేరు. అంత ధైర్యంగా కాగితం లాక్కుని చదివిన నేను కూడా అడగలేదు.