కొమ్ములో ఉప్పు

ప్లేనోలో మా అమ్మాయి నాకు అక్షరాలు దిద్దించేనాటికి నాకు యాభై దాటాయి. ఎనభైల మొదట్లో అక్కడి తెలుగువాళ్లం నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్లం. ఒకరు పుస్తకం చదివితే మిగతావాళ్లు వినాలి. ఆ ఏడు బౌద్ధ సంగీతుల, అంటే భిక్షువుల మహాసభల, చరిత్ర పట్టుకున్నారు. ఒక వంతు నేనే అడిగి తీసుకున్నాను. నలుగురిలో ఒక్క పేజీ చదవాలని నా కోరిక.

మొదటి సంగీతి నాదనుకున్నాను. బుద్ధుడు పోయాక శిష్యులు రాజగృహంలో చేరారట. ఆయన మాటలు మరుగున పడకుండా ఒకరు వల్లిస్తే, అందరూ అవునని కలిసి పలికారట. కాగితం లేదు, గంటం లేదు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. అమ్మాయి చేత చదివించుకుని పేజీ మొత్తం కంఠతా పట్టేశాను.

కారులో అప్పజెబుతుంటే అమ్మాయి నవ్వింది. "అమ్మా, బుక్ తెరవనేలేదు నువ్వు."

"నీకెందుకే, డ్రైవ్ చెయ్యి."

తీరా వెళ్లాక ఆ ఇంటి డాక్టరుగారు, "పిన్నిగారూ, పోయిన నెల మీరు రాలేదు కదా, మొదటిది ఫినిష్ చేసేశాం. మీరు రెండోది కానివ్వండి" అన్నారు.

ఆ పేజీలో నేను ముందు విన్న ముక్క ఒక్కటీ లేదు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. బుద్ధుడు పోయిన నూరేళ్లకు వైశాలిలో భిక్షువుల మధ్య తగవు వచ్చిందట, కొందరు నియమాలు సడలించారని. "కొ...మ్ములో ఉప్పు దాచుకోవచ్చునా" అని చదివి ఆగిపోయాను. నాకు తెలిసిన కొమ్ము ఒక్కటే. పకారానికి కొమ్మిస్తే పు.

"ఇదేమిటే, ఉప్పులో కొమ్ముంటుంది గానీ కొమ్ములో ఉప్పేమిటి?" అని అమ్మాయిని అడిగాను.

అందరూ ఘొల్లున నవ్వారు.

"జంతువు కొమ్మమ్మా," అంది అమ్మాయి. "డబ్బాలాగా వాడేవాళ్లు. భిక్షువులు రేపటికని ఏమీ దాచుకోకూడదుగా, అదీ తగవు."

"అయితే మావారి బాపతే," అంది డాక్టరుగారి భార్య. "ఈయన ఆఫీస్‌కి బ్యాగ్‌లో ఆవకాయ వేసుకెళ్తారు."

"ఆవకాయ వేరు, ఉప్పు వేరు," అన్నారాయన.

"సరేలెండి. ఇంతకీ ఉప్పుకి ఒప్పుకున్నారా, పిన్నిగారూ?"

అందరూ నావైపు తిరిగారు. జవాబు నాకూ తెలియదు. అది కింది పంక్తిలో ఉంది. అమ్మాయి తొంగిచూడబోతే పుస్తకం ఇవతలికి తిప్పుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ దాటుకుంటూ చివరిదాకా వెళ్లాను.

"ఒప్పుకోలేదు," అన్నాను.

"పాపం," అంది ఆవిడ. "తర్వాత?"

తర్వాతి పంక్తి మీద వేలు పెట్టాను.